పొరుగింటి మంచు

తన ఊరి చలికాలాన్ని ఎవరైనా చులకన చేస్తే ఆర్వో కొస్కికి ఒళ్ళు మండేది. సుపీరియర్ సరస్సు ఒడ్డున, మా మిషిగన్ ఉత్తరపు కొసన పుట్టినవాళ్ళందరికీ ఉన్న పౌరుషమే అది, కాకపోతే ఆయనకి ఓ పాలు ఎక్కువ. కిటికీలు మునిగిపోయేంత మంచు మాది. ఇంటి కప్పెక్కి పారతో తోడిపోయకపోతే వాసాలు విరుగుతాయి. ఆయన భార్య ఆస్త్రిడ్‌ది నార్త్ డకోటా మైదానం. అక్కడ మంచు తక్కువ, చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. ఏది గడ్డు చలికాలం అన్న వాదన వాళ్ళిద్దరికీ పెళ్ళయిన వారానికే మొదలై, మనవలు పుట్టినా తెగలేదు.

"మీది చలికాలం కాదయ్యా, చాకిరీ," అనేది ఆస్త్రిడ్ కాఫీ పోస్తూ. "పార చేతిలో ఉన్నంతసేపూ ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. మా ఊళ్ళో గుమ్మం దాటి ఊపిరి పీలిస్తే ముక్కు లోపలే గడ్డకట్టేది."

"గడ్డకడితే పొయ్యి దగ్గర కూచుంటారు, అంతేగా. మా మంచు మనిషిని కూచోనిస్తుందా?"

ఆర్వోకి ఇంటి ముందు స్ట్రాబెర్రీ తోట ఉంది. జులై వస్తే జనం బుట్టలు పట్టుకొచ్చి తామే కోసుకుపోతారు. ఆ సంసారమంతా ఆ తోట మీదే నడిచింది. శరదృతువు చివర, చలికి చావకుండా మొక్కల మీద గడ్డి కప్పడం తోటవాళ్ళ ఆచారం. ఆర్వో దాన్ని ఏనాడో మానేశాడు. దేవుడు ఊరికే మంచు దుప్పటి కప్పుతుంటే మధ్యలో నేనెందుకు గడ్డి మోయడం అనేవాడు. ఆస్త్రిడ్ ఏటా చెప్పేది, ఆయన ఏటా నవ్వేవాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

రోడ్డుకవతల క్లెమ్ బొషే ఇల్లు. తన వాకిట్లో మంచూ, చర్చి ఆవరణలో మంచూ ట్రాక్టరుతో ఎత్తి, రోడ్డు దాటించి ఆర్వో తోట అంచున పోసేవాడు. ఆ గుట్ట కరగడం ఆలస్యమై సాళ్ళ చివర నీళ్ళు నిలిచేవి. ఒక ఏడు ఊరి సభలో ఆర్వో లేచి నిలబడి, నీ మంచు ఒక్క పలుకు నా నేల మీద పడినా ఊరుకోనన్నాడు. అన్నవాడు ఊరుకున్నాడా, 'ఇక్కడ మంచు పోయరాదు' అని బోర్డు కూడా పాతాడు. క్లెమ్ అప్పట్నుంచీ మంచంతా తన కొట్టం వెనక్కే తోసుకున్నాడు.

ఆ తర్వాత వచ్చింది ఆ పాడు చలికాలం. సరస్సులో నీళ్ళు కదులుతున్నంతకాలమే మాకు మంచు. సరస్సు గడ్డకట్టి మూత పడిందా, మబ్బుకి మేత ఉండదు. ఆ ఏడు మా ఒడ్డు పొడుగునా క్రిస్మస్‌కి ముందే పడింది మూత. కురిసిన కాస్తా గాలికి అడవిలోకి కొట్టుకుపోయింది. తోట బోసిపోయి నల్లగా కనబడింది. మొదట్లో ఆర్వో సంబరపడ్డాడు కూడా. పార మూల పెట్టి, కిటికీ దగ్గర కూచుని యాలకుల రొట్టె కాఫీలో ముంచుకు తిన్నాడు.

ఆస్త్రిడ్ మాత్రం గునపం పట్టుకెళ్ళి ఒక మొక్క పెళ్ళగించి తెచ్చింది. మొదలు కోసి ఆయన ముందు పెట్టింది. లోపల ఇంకా తెల్లగానే ఉంది, అంచున మాత్రం గోధుమ చార.

"ఇంకా బతికే ఉన్నాయి," అంది. "ఎల్లుండికి సున్నా కింద ముప్ఫై అంటున్నారు రేడియోలో. ఇలాంటి ఏడే మా నాన్న గోధుమ చేనంతా పోయింది. పైన దుప్పటి లేకపోతే ఒక్క మొక్క మిగలదు, ఆర్వో."

ఆర్వో రొట్టె పక్కన పెట్టాడు. మళ్ళీ మొక్కలు నాటి పంట చూడాలంటే ఆ వయసులో ఎక్కడి ఓపిక. గడ్డి కప్పుదామంటే ఈ గాలికి ఒక్క పరక నిలవదు. తల తిప్పితే కిటికీలోంచి క్లెమ్ కొట్టం వెనక, వాడు తోసిందీ గాలి తెచ్చిపోసిందీ కలిసి కొండలా మంచు.

"వాడి దగ్గరికా," అన్నాడు ఆర్వో.

"నీ ఇష్టం. నీ పంతం పెద్దదో, తోట పెద్దదో నువ్వే తేల్చుకో."

అవసరమొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు. ఆర్వో టోపీ పెట్టుకుని రోడ్డు దాటాడు. క్లెమ్ వంటింట్లో సూపు తాగుతున్నాడు.

"ఏమోయ్, నా మంచు గాని నీ వైపు ఎగిరిందా?" అన్నాడు తలెత్తకుండా.

"ఎగరలేదు. అదే చెబుదామని వచ్చా." ఆర్వో టోపీ తీసి చేతిలో నలిపాడు. "కొంచెం మంచు కావాలి."

"వినబడలా."

"నీ మంచు నా తోటలో పొయ్యమంటున్నా."

"ఊరి సభలో ఎంత గట్టిగా అన్నావో అంత గట్టిగా అను."

ఆర్వో చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గు చంపుకుని, గోడలు అదిరేలా అన్నాడు. క్లెమ్‌కి సూపు పొలమారేంత నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుని గోడకున్న కోటు అందుకున్నాడు.

"పద, పొద్దుండగానే కానిద్దాం. ముందే రావచ్చుగా, మొండోడా."

ట్రాక్టరుకి మంచు విసిరే యంత్రం తగిలించి, ఆ రోజంతా, మర్నాడంతా గుట్టని తవ్వి సాళ్ళ మీదికి చిమ్మాడు క్లెమ్. చర్చి వాళ్ళు బళ్ళల్లో తెచ్చి పోశారు. మంచు మోసుకొచ్చి మంచు ఊరివాడికి ఇవ్వడం ఎప్పుడైనా చూశామా అని ఒకటే వెక్కిరింతలు. ఆర్వో సిగ్గుతో బోర్డు పీకబోతే అది రాలేదు. నేల రాయయిపోయింది.

పని ముగిసిన సాయంత్రం సౌనాలో, పెరట్లోని ఆవిరిగదిలో, ఒళ్ళు కాచుకుంటుంటే ఆస్త్రిడ్ మొగుడి వైపు చూసింది. "ఇప్పుడు చెప్పు. ఏది గడ్డు?"

"మంచు నడుం విరగ్గొడుతుంది, నిజమే," అన్నాడు ఆర్వో. "మీ చలి అన్నం లేకుండా చేస్తుంది. చాలా?"

"చాలు," అంది ఆస్త్రిడ్. ఆమె ముఖం వెలిగిపోయింది.

మంచు అందని ఒక మూల మొక్కలు చచ్చిపోయాయి. తక్కినవి జులైలో విరగకాశాయి. మొదటి బుట్ట క్లెమ్ ఇంటికి వెళ్ళింది. నా మంచు రుచి తగుల్తోందని వాడు తిన్నన్నాళ్ళూ అంటూనే ఉన్నాడు.

మళ్ళీ శీతాకాలం ముందు ఆర్వో నోరెత్తకుండా తోటంతా గడ్డి కప్పాడు. మొదటి మంచు పడిన పొద్దున క్లెమ్ మామూలుగా ట్రాక్టరుని కొట్టం వెనక్కి తిప్పబోయాడు. ఆర్వో ఇంట్లో వేసుకునే చెప్పులతోనే రోడ్డు మీదికి పరుగెత్తి అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికయ్యా పట్టుకుపోతున్నావ్ నా మంచు?"

క్లెమ్ బోర్డు వైపు వేలు చూపించాడు. వేసవంతా దాని సంగతే మరిచిపోయాడు ఆర్వో. నేల ఇంకా మెత్తగానే ఉంది. ఆర్వో వెళ్ళి రెండు చేతులా లాగాడు, వచ్చేసింది. ఆ శనివారం సౌనా పొయ్యిలో మొదట పెట్టిన కట్టె అదే.