సదయ్య కాక చెప్పని టైము

"టైమెంతయిందో ఒక్క ముక్కలో చెప్పలేవటయ్యా?" అని మేనేజరు ఒకసారి సదయ్యను నిలదీశాడు. చెప్పలేడు. "లెక్కల అడుగుతున్నరా, తత్వంల అడుగుతున్నరా సార్?" అని ఎదురు అడగడం ఆయన జబ్బు. ఆయన లెక్కలు ఎక్కాల దగ్గర, తత్వం శనివారం భజన దగ్గర ఆగిపోయాయి. అలాంటి మనిషిని గోదావరిఖనిలో మా గని గేటు దగ్గర హాజరు గుమస్తాగా కూర్చోబెట్టారు. అరవై తొమ్మిదిలో డిగ్రీ పట్టుకుని నేనూ ఆ బల్ల పక్కనే చేరాను.

చాయ్ హోటల్ కుతుబుద్దీన్ ఒకనాడు నోరు జారాడు.

"ఐదు నిమిషాలల్ల చాయ్ వస్తది కాకా."

"ముందు సగం టైము గడవాలె గదా? అండ్ల సగం? మళ్ల అండ్ల సగం? ఇట్లయితే చాయ్ ఎన్నడొస్తది?"

"నువ్వు నోరు మూస్తే ఇప్పుడే వస్తది!"

ఇంకో రోజు సంగతి. బదిలీ మీద, అంటే రానివాళ్ల బదులు, బొగ్గు నింపే మొగిలికి ఆ రోజు హాజరు పడితే ఏడాది లెక్క నిండి, కొలువు పర్మినెంటు. పడకపోతే మళ్లీ మొదటికి. ఆ పొద్దున్నే భార్య పూలమ్మకు నొప్పులొచ్చి దవాఖానకు పోయాడు. సైరన్ మోగింది. గేటు దగ్గర మనిషి జాడ లేదు.

"ఏడయింది, పుస్తకం మూసెయ్," అన్నాడు మేనేజరు.

"ఏడంటే ఏది సార్? పోయిన క్షణం పాయె, వచ్చేది రాకపాయె. నడుమదాని మందమెంత?"

మేనేజరు ఇంజినీరు. ప్రశ్న వింటే జవాబు చెప్పకుండా ఉండలేడు, పాపం. "సున్నా!"

"సున్నల పట్టని మనిషి, అండ్ల లేటెట్ల అయితడు సార్?"

"అది తత్వమయ్యా!"

"గట్లయితే లెక్కల్ల చూపెట్టుండ్రి."

మేనేజరు బొగ్గుపెళ్ల తీసుకుని గోడ మీద గీత గీసి, ముక్కలు చేయసాగాడు. గోడ చాలక తలుపు మీదికి పాకాడు. అప్పుడు ఉరుక్కుంటూ వచ్చాడు మొగిలి.

"కాకా, బిడ్డ పుట్టింది!"

"సంబురం తర్వాత. దీపం తీసుకుని దిగు, జల్ది!" హాజరు వేసి, సదయ్య పుస్తకం మూశాడు. "అయింది సార్."

"ఉండవయ్యా, రుజువు ఇంకా పూర్తి కాలేదు!" అన్నాడు మేనేజరు తలుపు వెనక నుంచి.

ఆ తర్వాత కనిపెట్టాను. ఆయన కుర్చీలోంచి బస్తీ బాట కనిపిస్తుంది. బాట ఖాళీగా ఉన్న రోజు, టైమడిగితే "ఏడు" అని ఊరుకునేవాడు. ఎవడో ఒకడు ఉరుక్కుంటూ వస్తుంటేనే తత్వం పూనేది.

మొగిలి పర్మినెంటయ్యాడు. గేటు దగ్గర అందరికీ లడ్డూలు పంచాడు. వాటికోసం సదయ్య దగ్గర తీసుకున్న ఐదు రూపాయలు ఇంకా ఇవ్వలేదు.