సీలు వేసిన లిఫ్టు

నాలుగంతస్తుల ప్రభుత్వాసుపత్రికి ఒక్కటే లిఫ్టు. దాని కాంట్రాక్టు ఒక కంపెనీది, చాకిరీ మాత్రం మెకానిక్‌ది. పదకొండేళ్ళ నుంచీ మోటారు మూలుగు విని జబ్బేంటో చెప్పేస్తున్నాడని నర్సులు అతన్ని "లిఫ్టు డాక్టరు" అనేవాళ్ళు. అలా పిలిస్తే లోలోపల పొంగిపోయేవాడు.

ఉన్నట్టుండి కంపెనీ దివాలా తీసింది. కోర్టు నియమించిన అధికారి వచ్చి మోటారు గదికి సీలు వేసి పోయాడు. నాలుగో రోజున లిఫ్టు ఆగిపోయింది.

మెకానిక్ సూపరింటెండెంటు దగ్గరికి పరిగెత్తాడు. "సార్, అరగంట పని. సీలు తీయించండి చాలు."

"నా చేతుల్లో ఏముందయ్యా? వేరేవాళ్ళని పెట్టాలంటే పాత కాంట్రాక్టు రద్దవ్వాలి. రద్దుకి కోర్టు ఒప్పుకోవాలి. కోర్టేమో కంపెనీని కొనేవాడు దొరికేదాకా ఏదీ ముట్టుకోవద్దంటోంది."

"మరి రోగులో?"

"మెట్లున్నాయిగా" అన్నాడాయన ఫైలు మూస్తూ.

ఆపరేషన్ గది నాలుగో అంతస్తులో ఉంది. మూడోవారంలో ఒక నిండు చూలాలిని కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోస్తుంటే, మలుపు దగ్గర మోసేవాడి కాలు జారింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ మధ్యాహ్నమే మెకానిక్ సీలు పీకేశాడు. అరగంట కూడా పట్టలేదు, ఇరవై నిమిషాలకే లిఫ్టు కదిలింది. "ఇంతేనా! ఈపాటి దానికా!" అంటూ మోటారు పక్కనే కూలబడి ఏడ్చాడు.

లిఫ్టు నెలన్నర నడిచింది. సూపరింటెండెంటు కూడా ఏమీ ఎరగనట్టు అందులోనే ఎక్కి దిగేవాడు. ఈలోగా పెద్ద కంపెనీ ఒకటి ఆ దివాలా కంపెనీని కొనేసింది. ప్రభుత్వం సరేనంది, కాంట్రాక్టు కొత్త పేరుకి మారింది. పాత మనుషుల్నీ ఉంచుకుంటామన్నారు. కొత్త మేనేజరు సూపరింటెండెంటుతో కలిసి వచ్చి మోటారు గది తలుపు చూశాడు.

"ఈ సీలు తీసిందెవరు?"

"నేనే సార్."

"కోర్టు సీలయ్యా! నిన్ను ఉంచుకుంటే అది మా మెడకి చుట్టుకుంటుంది."

మెకానిక్ సూపరింటెండెంటు వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"అన్నిసార్లు ఎక్కి దిగారే, ఒక్కరికీ నోరు రాలేదా?" అంది భార్య, ఉద్యోగం పోయిందని అతను ఇంటికొచ్చి చెప్పగానే.

వారం తిరక్కుండా కొత్త మెకానిక్ ఫోన్ చేశాడు. "అన్నా, మూడో అంతస్తు దగ్గర బ్రేకు పట్టేస్తోంది. ఏం చెయ్యమంటావు?"

ఫోన్ పెట్టేద్దామనుకున్నాడు గానీ మనసొప్పలేదు. ఏ బోల్టు ఎంత వదులు చెయ్యాలో పూసగుచ్చినట్టు చెప్పాడు.

"నువ్వు దేవుడివన్నా!" అన్నాడు అవతలివాడు.

"దేవుళ్ళకి ఉద్యోగాలు ఇవ్వరు కాబోలు" అంది పక్కనే వింటున్న భార్య.

చివరికి ఒక బట్టల దుకాణంలో కుదిరాడు. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకి లిఫ్టు మీటలు నొక్కే పని.