హనుమకొండలో బోణీ కాకతో ఒక పూట

ఉద్యోగం మానేసి పచ్చళ్ళ కొట్టు పెడతానని నేను ప్రకటించిన రోజు మా ఇంట్లో ఎవరూ గొడవ పడలేదు. అదే నన్ను భయపెట్టింది. మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "పెట్టు. ముందు పెట్టినవాళ్ళ మొహం ఒకసారి చూసి రా" అన్నారు. హనుమకొండలో ఉండే నా డిగ్రీ స్నేహితురాలు సునీత, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు పని వదిలేసి, బియ్యప్పిండితో కాల్చే సర్వపిండి అమ్మడానికి సెంటర్ తెరుస్తోంది. స్కూలు వాళ్ళు సోమవారం దాకా చూస్తామన్నారట. ఆలోగా మనసు మార్చుకుని వెళ్తే సరి, లేకపోతే ఆ కుర్చీలో వేరొకరు కూర్చుంటారు. శుక్రవారం ప్రారంభం. సరే, ఆమె మొహమే చూద్దామని బయల్దేరాను.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కితే కాస్త అటూ ఇటూగా రెండు గంటల్లో కాజీపేట. రిజర్వేషన్ చేసుకోండి. నేను చేసుకోలేదు, రఘునాథపల్లి దాటాక సీటు దొరికింది, కూర్చుని కాళ్ళు చాపేలోపే దిగే వేళయింది. స్టేషన్ బయట హనుమకొండ వైపు షేర్ ఆటోకి మనిషికి ఇరవై అన్నారు. నా పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన, ఒళ్ళో మూడు కవర్లతో కూర్చున్నాడు. ఒకదాంట్లో పసిపిల్లల టోపీ, ఒకదాంట్లో గుప్పెడు మేకులు, ఇంకోదాంట్లో స్మార్ట్‌ఫోన్‌కి తొడిగే కవరు. ఆయన చేతిలో ఉన్నదేమో బటన్ల ఫోను. నేను అలా చూస్తుంటే డ్రైవర్ ఇలయ్య నవ్వాడు.

"అన్నీ బోణీలే అక్కా. జోసెఫ్ కాక చెయ్యి మంచిది. కొత్త దుకాణం తెరిస్తే ఫస్టు బేరం ఈయనే చెయ్యాలె. ఇయ్యాల ముహూర్తం గట్టిది, ఊరంత ఓపెనింగులే."

జోసెఫ్ గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారట. "ముహూర్తం పంతులుది, చెయ్యి నాది. ఆదివారం మాత్రం చర్చికి పోవాలె, ఎవ్వలు పిలిచినా పోను" అన్నారు. ఫాతిమానగర్‌లో కొత్త జ్యూస్ సెంటర్ దగ్గర "జర రెండు నిమిషాలు" అని దిగారు. గ్లాసుతో తిరిగొచ్చి, "నాకు షుగరున్నది" అంటూ దాన్ని నా చేతిలో పెట్టారు. సుబేదారిలో మ్యాచింగ్ సెంటర్. అక్కడి నుంచి ఒక జాకెట్ గుడ్డ తెచ్చి అదీ నాకే ఇచ్చారు. ఇరవై రూపాయల ప్రయాణంలో ఇంత గిట్టుబాటు నాకెప్పుడూ కాలేదు.

అప్పుడే ఆయన ఫోను మోగింది. "కాకా, యాడున్నవ్? జనం ఆగుతలేరు!"

"వచ్చిన బిడ్డా, చౌరస్తాల ఉన్న."

మేమింకా సుబేదారి దాటలేదు. ఆ గొంతు మాత్రం మా సునీతది! వాళ్ళ నాన్నతో కలిసి పనిచేసిన ఈయన కోసమే అది ఎదురుచూస్తోందని ఆరా తీస్తే తెలిసింది. "మీరు బోణీ చేసినవన్నీ నడుస్తున్నాయా?" అని ఉండబట్టలేక అడిగేశాను.

"నడిచినోళ్ళు నన్ను తల్సుకుంటరు. మూతవడ్డోళ్ళు మర్చిపోతరు. నాకేం నష్టం?" అని నవ్వి, ఒళ్ళోని కవర్లు సర్దుకున్నారు. "మూతవడ్డయన్ని నాకు యాదికున్నయి బిడ్డా" అన్నారు తర్వాత.

నయీంనగర్‌లో ఆటో ఇంకో కొట్టు ముందు ఆగిపోవడంతో నేను దిగి ముందుకు నడిచాను. పల్లీలు, నువ్వులు కాలుతున్న వాసనే దారి చూపించింది. సునీత మెట్టు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడి ఉంది. "బోణీ కాలే అన్నా, జర ఆగున్రి!" "పైసలిస్తమంటె వద్దంటవేందమ్మా, ఇదేం యాపారం?" అని ఒకాయన కేకలు. దారిన పోయేవాళ్ళు గుంపును చూసి, మస్తుంటదేమోనని వాళ్ళూ వచ్చి చేరుతున్నారు. ఒక్కరూ రుచి చూడలేదు, పేరు మాత్రం వచ్చేసింది.

"పోనీ నేను కొననా?" అన్నాను.

"నీ చెయ్యి నాకెరుక లేదా? నీ పెన్ను తీస్కపోయే కదా స్టాటిస్టిక్స్ తప్పిన!" అంది. అంతలోనే గొంతు తగ్గించింది. "నవ్వకే. సోమవారం స్కూలుకు పోవాల్నో వద్దో ఇంక తేల్చుకోలె."

ఎట్టకేలకు ఆటో వచ్చింది, జోసెఫ్ గారు దిగారు. డబ్బిచ్చి, వేడి సర్వపిండి తీసుకుని, మేకుల పక్కన పెట్టుకుని, ఆటోలో కూర్చున్నారు. ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. జనం ఎగబడ్డారు. సునీత కాగితాల్లో చుట్టి ఇస్తూనే ఉంది గానీ, మొహం చిన్నబోయింది. "చూసినవా, తినలే" అంది. నేను కాగితాలు చింపి అందించసాగాను.

ఆటో కదల్లేదు. కాసేపటికి జోసెఫ్ గారు మళ్ళీ దిగి వరుసలో చివర నిలబడ్డారు. మీసానికి నూనె, దాని మీద ఒక నువ్వు గింజ.

"ఇంకో రెండియ్యి బిడ్డా. నాకొకటి, ఇలయ్యకొకటి."

"బోణీ అయిపాయె గద కాకా!"

"అది నువ్వు పిలిస్తె కొన్న. ఇది ఆకలైతె కొంటాన."

"కాకా, కిషన్‌పురల ముహూర్తం దాటిపోతాంది!" అని ఇలయ్య అరిచాడు.

"దాటనియ్యిరా. ఇది సల్లగైతది."

సునీత కొంగుతో కళ్ళు తుడుచుకుని, పిండి చేత్తోనే ఫోను తీసింది. "సార్, సోమవారం నా కోసం చూడకున్రి" అంది. నాకు సంతోషం వేసింది, నిజం చెప్పాలంటే బోలెడంత కుళ్ళు కూడా.

పాలంపేట వెళ్ళి రామప్ప గుడి చూడాలనుకున్నాను గానీ, సాయంత్రం దాకా కాగితాలు చింపుతూ అక్కడే ఉండిపోయాను. వచ్చే ముందు జోసెఫ్ గారిని మా పచ్చళ్ళ కొట్టుకు కూడా రమ్మన్నాను. "రైలు పాసున్నది, వస్త. గని మొదటి రోజు పిల్వకు. మొదటి రోజు చుట్టాలు సుత కొంటరు. రెండో రోజు పిలువు" అన్నారు. కొట్టు పెట్టడమంటే బోర్డు, రిబ్బను, మంచి చెయ్యి అనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. పిలవకుండా మళ్ళీ వచ్చేవాడి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. మా ఆయనకు ఈ ముక్క చెబితే టీవీ ఆపేశారు.

ఒక్క సలహా: మంచి ముహూర్తం ఉన్న రోజు హనుమకొండ వెళ్తే, కొత్త కొట్లోకి అడుగుపెట్టే ముందు బోణీ అయిందా అని అడగండి, కాకపోతే ధర అడిగి వట్టి చేతులతో తిరిగి రాకండి. సునీత కొట్టుకైతే ఎప్పుడైనా వెళ్ళొచ్చు. అక్కడ రెండో బేరం కూడా అయిపోయింది.