ఊరి నడుములూ మా పిల్ల పిక్కలూ

మా పెద్దమ్మాయి ఎదురుకాళ్లతో పుట్టింది. తల ముందు రావలసింది పోయి కాళ్లు ముందు వచ్చాయి. ఆ రోజు మానుకోటలో మా పుట్టింట్లో నేను, మా అమ్మ, మంత్రసాని పడ్డ అవస్థ మా ముగ్గురికే తెలుసు. పురుడు చూడడానికి వచ్చిన మా అత్తమ్మకు మాత్రం అది అవస్థలా కనిపించలేదు. పిల్ల ముఖం కంటే ముందు పాదాలు చూసి మురిసిపోయింది. తిరుగు ప్రయాణంలో రైల్లోనూ, జనగామ బస్టాండులోనూ, నర్మెట్ట బస్సులోనూ కనిపించిన ప్రతి మనిషికీ ఆ వార్త చెప్పింది. బాలింతనై మూడో నెలలో నేను అత్తవారింటికి చేరేసరికి మా పిల్ల కాళ్లు నాకంటే ముందే ఊరంతా తిరిగేశాయి.

మా వైపు ఒక నమ్మకం ఉంది. నడుం పట్టిన మనిషిని ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే ఆ పట్టు వదులుతుందని. మా ఊళ్లో బావుల కింద వరి వేస్తారు. వరి వేసే ఊళ్లో నడుం పట్టని మనిషి ఎక్కడుంటాడు? నాట్లు వేసి వంగిపోయిన ఆడవాళ్లు, బస్తాలు మోసినవాళ్లు, ఏ పనీ చేయకుండానే మంచం మీద నుంచి వంకరగా లేచిన పెద్దమనుషులు, పిల్లకు అడుగులు పడ్డప్పటి నుంచీ అందరూ మా వాకిట్లోకే. తెల్లవారగానే పరగడుపున వచ్చి తూర్పుకు తల పెట్టి బోర్లా పడుకునేవారు. మా అత్తమ్మ పిల్లను నిద్రకళ్లతోనే ఎత్తుకొచ్చి వీపు మీద నిలబెట్టేది. రెక్కలు పట్టుకుని నడిపిస్తే అది మూడుసార్లు తొక్కేది. ఆ మనిషి లేచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి. చాలామంది నిటారుగానే వెళ్లేవారు. అది వైద్యమో, ఊరి పటేలైన మా మామగారి ఇంట్లో అంతసేపు పడుకుని లేచాక ఇంకా వంగి నడిస్తే మర్యాద కాదనుకునేవారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ వైద్యానికి డబ్బులు ముట్టకూడదు. అందుకని బెల్లం ముక్కలు తెచ్చేవారు. తండా నుంచి వచ్చే ఒక అవ్వ సీతాఫలాలు తెచ్చి, తన భాషలో పిల్లతో ఏదో ముద్దుగా మాట్లాడి వెళ్లేది. పిల్లకూ ఇది బాగానే ఉండేది. తన ఈడు పిల్లలు మట్టిలో ఆడుతుంటే ఇది మనుషుల మీద ఆడేది.

దానికి ఆరో ఏడు వచ్చాక రాత్రుళ్లు పిక్కలు పట్టడం మొదలైంది. మంచి నిద్రలో ఉండి, "అమ్మా, కాళ్లు గుంజుతున్నయే" అని కేక పెట్టి లేచేది. పట్టుకుని చూస్తే ఆ చిన్న పిక్క రాయిలా గట్టిపడి ఉండేది. నేను నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి రుద్దేదాన్ని. ఉప్పు మూటతో కాపడం పెట్టేదాన్ని. ఒక కాలు వదిలితే రెండో కాలు పట్టేది. అది ఏడ్చి ఏడ్చి తెల్లవారుజామున కునుకు తీసేది. సరిగ్గా అప్పుడే వాకిట్లో దగ్గు వినిపించేది, ఎవరో నడుం పట్టుకుని వచ్చినట్టు గుర్తుగా.

మా అత్తమ్మ పిల్ల రెండు కాళ్లకూ నల్లదారం కట్టింది. "ఊరోళ్ల నొప్పులన్ని గుంజుకుంటున్నది గదా బిడ్డ. గుంజుకున్న నొప్పి యాడికి పోతది మరి? పిక్కలల్ల జమైతున్నది" అని చాలా బాధగా చెప్పింది. చెప్పి, మర్నాడు పొద్దున్నే పిల్లను మళ్లీ ఎత్తుకెళ్లింది. అంత చక్కగా కారణం కనిపెట్టిన మనిషి దాని తర్వాత మాట ఎందుకు ఆలోచించదో అని నాకు తిక్కరేగేది.

అసలు చిక్కంతా మా మామగారితో వచ్చింది. ఆయన ఆ ఏడు సర్పంచిగా నిలబడ్డారు. దాంతో వాకిట్లో పడుకున్న ప్రతి వీపూ ఆయనకు ఓటులా కనిపించసాగింది. అంతకుముందు రోజుకొకరు వస్తే, ఇప్పుడు ఏ వాడలో ఎవరికి నడుం పట్టిందో కనుక్కుని మరీ పిలిపించేవారు. పిల్ల తొక్కడం అయ్యాక, ఆ మనిషి లేవకముందే పక్కన గొంతుక్కూర్చుని, "గొడుగు గుర్తు యాదుంచుకో" అని చెవిలో చెప్పేవారు. బోర్లా పడుకున్న మనిషి కాదని ఎలా అంటాడు?

మా ఇళ్లలో కోడలు మామతో ఎదురుగా మాట్లాడదు. గోడ చాటున నిలబడి, అత్తకు చెబుతున్నట్టు చెప్పాలి. "అత్తమ్మా, రాత్రంత పిల్లకు నిద్ర లేదు. పొద్దుగాల లేపకుండ్రి" అని గోడకు చెప్పాను. అవతల నుంచి మామగారు కూడా గోడకే జవాబిచ్చారు. "ఎలక్షన్లు అయ్యేదాక జర ఓపిక పట్టుమను. గెలిచినంక పిల్లకు ఎండి పట్టీలు చేయిస్త." నేను నీళ్ల బిందెను ఇల్లంతా అదిరేలా కింద పెట్టాను. అది కూడా మా ఇళ్లలో కోడళ్లు మాట్లాడే పద్ధతే.

మా వారు అప్పుడు భూపాలపల్లి వైపు ఒక బడిలో పంతులు. పదిహేను రోజులకొకసారి వచ్చేవారు. ఈయన వస్తే వాళ్ల నాయినకు నచ్చజెబుతారని కాచుకుని కూర్చున్నాను. వచ్చారు. నా గోడంతా విన్నారు. "నిజమే, పిల్ల సన్నగైంది" అన్నారు. అని, చొక్కా విప్పి చాప మీద బోర్లా పడుకుని, "అన్ని బస్సులు మారి వచ్చేసరికి నడుం పోయింది. బుజ్జీ, జర ఎక్కవా బిడ్డా" అన్నారు. ఆ రోజు ఆయనకు అన్నంలోకి పచ్చడి మాత్రమే వేశాను.

ఇక లాభం లేదని పిల్లను తీసుకుని జనగామ దవాఖానకు నేనే వెళ్లాను. డాక్టరు గుంటూరు వైపు మనిషి. కాళ్లు వంచి చూశాడు, మోకాళ్ల కింద తట్టి చూశాడు. "పగలు ఏం చేస్తుందమ్మా పిల్ల? బాగా పరుగెడుతుందా?" అన్నాడు.

"మనుషులను తొక్కుతది" అన్నాను.

ఆయన కలం కింద పెట్టాడు. మొత్తం చెప్పాక చాలాసేపు నవ్వాడు గానీ, వైద్యం మాత్రం ఓపిగ్గా చెప్పాడు. ఈ వయసు పిల్లల్లో ఇలా చాలామందికి వస్తుందట, భయపడవలసిన పని లేదట. పట్టినప్పుడు మోకాలు చాపించి, కాలివేళ్లను మెల్లగా ముఖం వైపుకు వంచి పట్టుకోవాలి. వదిలాక పిక్కను నిమరాలి. నీళ్లు బాగా తాగించాలి. పడుకోబోయే ముందు గోడకు చేతులు ఆనించి, మడమలు ఎత్తకుండా గోడను తోయించాలి. "ముందు ఆ తొక్కుడు ఆపించండమ్మా. పిల్లకి నిద్ర కావాలి" అన్నాడు.

బయటికి వస్తుంటే కాంపౌండరు వెనకాలే వచ్చాడు. అటూ ఇటూ చూసి, "అక్కా, నిజంగ ఎదురుకాళ్లేనా? ఎన్మిది దినాల సంది నాకు నడుం..." అంటూ వరండాలో బెంచీ మీద బోర్లా పడుకోబోయాడు. "పిల్లకు బాగలేదు తమ్మీ. నా కాలు ఉన్నది, కావాల్నా?" అన్నాను. అతను లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చి డాక్టరు చెప్పిందంతా గోడకు చెప్పాను. మామగారు శ్రద్ధగా విన్నారు. "ఆ డాక్టరుకు మనూళ్లె ఓటు లేదు గదా" అన్నారు.

డాక్టరు చెప్పినవాటిలో నా చేతిలో ఉన్నవి నేను చేశాను. రోజూ పడుకోబోయే ముందు పిల్ల చేత గోడను తోయించేదాన్ని. దానికి అది ఆటలా ఉండేది. "ఇది ఎవరి నడుం అమ్మా?" అని అడిగేది. "మీ తాతది. గట్టిగ తోయి" అనేదాన్ని. వేళ్లు వంచి పట్టుకుంటే నొప్పి త్వరగా వదిలేది, అది నిజం. కానీ పిక్కలు పట్టడం మానలేదు. ఎన్నికలు దగ్గరపడేకొద్దీ నడుములు పెరిగాయి.

ఎల్లుండి ఓట్లు అనగా తెల్లవారుజామున మా వాకిట్లో ఎడ్లబండి ఆగింది. అందులోంచి మా మామగారి మీద పోటీకి నిలబడ్డ మనిషిని దించారు. ఆయన మామగారికి బాబాయి కొడుకు, నాకు చిన్నమామ. నడుం పట్టి రెండుగా వంగిపోయి ఉన్నాడు. "అన్నా, అడుగు తీసి అడుగేస్తలేను. జర పిల్లను లేపుండ్రి" అంటూ, ఎవరూ చెప్పకముందే తూర్పుకు తల పెట్టి పడుకున్నాడు.

మా మామగారికి ఇది చాలా కష్టమైన ఘట్టం. తొక్కిస్తే శత్రువు లేచి నిలబడి రెండు రోజులూ ప్రచారం చేసుకుంటాడు. తొక్కించకపోతే పటేలుకు కనికరం లేదని ఊరంతా అంటుంది. ఆయన వాకిట్లో అటూ ఇటూ తిరిగారు. చివరికి కనికరానికే ఎక్కువ ఓట్లున్నాయని తేల్చుకున్నారు. "లేపుండ్రి పిల్లను" అన్నారు.

అంతకుముందు రాత్రంతా పిల్ల రెండు కాళ్లూ పట్టుకుని ఏడ్చింది. ఒక కాలి వేళ్లు వంచి పట్టుకుంటే రెండోది చూపించింది. ఆఖరికి, "అమ్మా, ఈ కాళ్లు నాకొద్దు" అంది. ఆ మాట నా గుండెలో అలాగే ఉంది. బండి వచ్చే ముందే అది నిద్రపోయింది. నేను వెళ్లి గడపలో అడ్డంగా నిలబడ్డాను. గోడ వైపు చూడలేదు, మామగారి ముఖంలోకి చూశాను.

"లేపను" అన్నాను. "రాత్రంత ఏడ్చి ఇప్పుడే పండుకున్నది. ఎవ్వలొచ్చినా లేపను."

చిన్నమామ మూలగడం ఆపి తల తిప్పి చూశాడు. బండి తోలుకొచ్చిన వాళ్ల అబ్బాయి నోరు తెరిచాడు. మామగారికి కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. నా గొంతు ఆయన నేరుగా వినడం అదే మొదలు. "ఏందే, నీ కోడలు గిట్ల మాట్లాడుతది?" అని వంటింటి వైపు అరిచారు.

మా అత్తమ్మ పొయ్యి ఊదే గొట్టం చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. నన్ను చూసింది, లోపల చాప మీద పిల్లను చూసింది.

"పిల్లెందుకయ్యా? నువ్వే తొక్కు" అంది.

"నేనేంది?"

"నువ్వు గూడ ఎదురుకాళ్లతోనే పుట్టినవు గదా."

మామగారు కాదనలేదు. "నీకెవలు చెప్పిండ్రు?" అని మాత్రం అన్నారు. దాంతో అది నిజమని తేలిపోయింది.

చిన్నమామ పడుకున్నచోటు నుంచే అందుకున్నాడు. "అన్నా! గిన్నేండ్ల సంది మాకు దాస్తివా? మా బాపు నడుం పట్టి మూడు నెలలు మంచంల ఉండె గదనే!" ఇంకా చాలా అనేవాడే, నొప్పి గుర్తుకొచ్చింది. "సరే గని, జల్ది తొక్కు" అన్నాడు.

మామగారు చెప్పులు విడిచి, పంచె ఎగగట్టారు. ఒక రెక్క అత్తమ్మ, ఒక రెక్క చిన్నమామ కొడుకు పట్టుకున్నారు. ఈ అన్నదమ్ముల మధ్య ఎన్నో ఏళ్లుగా ఒక పొలం గట్టు తగాదా ఉంది. ఆ గట్టు మీద కాలు మోపినట్టే మోపారు. చిన్నమామ వేసిన కేకకు పక్క ఇళ్లవాళ్లంతా వచ్చారు. మూడుసార్లు అయ్యాక మామగారు నాలుగోసారి కూడా వేశారు. "నాలుగోది దేనికన్నా?" అని కింద నుంచి వినిపించింది. "గట్టిగ పట్టింది" అన్నారు మామగారు.

చిన్నమామ లేచి నిటారుగా నిలబడ్డాడు. రెండు రోజులూ కాలినడకన ఇల్లిల్లూ తిరిగాడు. గెలిచాడు. "నేనే లేపిన వాణ్ణి" అని మా మామగారు చాలాకాలం బాధపడ్డారు.

అప్పటి నుంచీ నడుములన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. వచ్చే ఎన్నికల్లో మళ్లీ నిలబడాలనే ఆశ ఉంది కాబట్టి ఆయన కాదనలేకపోయేవారు. అయితే ఆయన బరువు చూశాక సగం మంది నడుములు వాటంతటవే బాగయ్యాయి. మా పిల్ల పొద్దెక్కేదాకా నిద్రపోయేది. తొక్కుడు మానినందుకో, వయసు దాటినందుకో, ఆ ఏడు చలి తగ్గేసరికి పిక్కలు పట్టడం ఆగిపోయింది. కొన్నాళ్లు నాకే నిద్రలో మెలకువ వచ్చి దాని కాళ్లు తడిమి చూసుకునేదాన్ని.

ఓట్లు అయ్యాక ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్తమ్మను అడిగాను, ఆ సంగతి ఇన్నేళ్లూ ఎలా దాగిందని. "మా అత్త దాసింది" అంది. "పిల్లగాని కాళ్లు ఊరోళ్ల పాలైతయని మంత్రసానికి చీర పెట్టి నోరు మూయించిందట. పోయేముందు నాకు చెప్పి, నా చేత గూడ ఒట్టు పెట్టించుకున్నది."

నాకు ఒళ్లు మండింది. "మరి నా బిడ్డది ఎందుకు ఊరంత సాటినవు అత్తమ్మా?" అన్నాను.

ఆమె ఒలిచిన గింజలను చేటలో పోసింది. "ఆడపిల్ల పుట్టిందని అందరు మూతులు ముడిచిండ్రు" అంది. "గీ పిల్లకు గూడ ఒక గొప్ప ఉన్నదని చెప్పాల్ననుకున్న."

నేను ఆమె ముందున్న కాయల్లో సగం నా వైపు లాక్కున్నాను.

మరో రెండేళ్లకు జనగామ దవాఖానలో నా రెండో కాన్పు అయింది. మళ్లీ ఆడపిల్ల. మళ్లీ కాళ్లే ముందు. ఈసారి అత్తమ్మ నా పక్కనే ఉంది. నర్సు చెప్పింది విన్నది, పిల్ల పాదాల మీదికి గుడ్డ కప్పింది. ఇంటికి చేరిన సాయంత్రం ఊరి ఆడవాళ్లు నా మంచం చుట్టూ చేరారు. వాళ్లలో ఒకామె అడగనే అడిగింది, "ఈ బిడ్డ గూడ ఎదురుకాళ్లేనా అవ్వా?" అని.

"తలే ముందొచ్చింది" అంది అత్తమ్మ.

"అయ్యో, మళ్ల ఆడపిల్లనేనాయె. ఆ గొప్ప గూడ లేకపాయె మరి."

"ఆడపిల్లనే" అంది అత్తమ్మ. "అయితే ఏంది?"

వచ్చినవాళ్లు చక్కెర నోట్లో వేసుకుని, పిల్లను ఒకసారి చూసి వెళ్లిపోయారు.