ఏస్తేరు కంట్లో మచ్చ

ఉప్పునుంతల రెబెకాకు ఎడమ కంటి తెల్లగుడ్డు మీద చిన్నప్పటి నుంచీ గోధుమరంగు మచ్చ ఒకటి ఉండేది. పుట్టుమచ్చే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. కిందటేడు కూలికి పోయి పత్తి ఏరుతుంటే, పక్క సాలులోని జంగమ్మ ఆమె ముఖం చూసి చేయి ఆపేసింది.

"ఏందే, నీ కంట్ల మచ్చ గింత పెద్దగైంది? నల్లగ గూడ అయింది!"

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మచ్చ నల్లగుడ్డు అంచుదాకా పాకి ఉంది. రెబెకాకు భయం పట్టుకుంది. తన కంటి కోసం కాదు. తొమ్మిదేళ్ల కూతురు ఏస్తేరు కంట్లోనూ అలాంటి మచ్చే ఉంది.

హైదరాబాద్‌ దవాఖానలో ఆ మచ్చను కోసి తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని తేలింది. కంటిపొర మీద చాలా అరుదుగా వచ్చే రకమట.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా కంట్లో మచ్చ ఉందామ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం."

పక్కనున్న భర్త డేవిడ్ ఉలిక్కిపడ్డాడు. బయటికి రాగానే నిలదీశాడు.

"బిడ్డ సంగతి ఎందుకు దాస్తివి?"

"చెప్తే దాని కన్ను గూడ కోస్తరు. నా రక్తంల ఉన్నదే దానికొచ్చింది. నేనే ఇచ్చిన."

కోసిన ముక్కలోని, ఆమె రక్తంలోని జన్యువులను కూడా చూడాలని, ఆ రిపోర్టుకు కొన్ని వారాలు పడుతుందని చెప్పారు. ఆ వారాల్లో రెబెకా కూతురిని ఎండలోకి పోనివ్వలేదు. ఒకనాడు పిల్ల కన్ను నలుపుకుంటే గట్టిగా అరిచింది. పిల్ల బిక్కచచ్చిపోయింది.

"అమ్మా, నాకేమైంది? నేను గుడ్డిదాన్నయితనా?"

రెబెకా పిల్లను దగ్గరికి తీసుకుంది. ఇంక దాచలేక, రిపోర్టు రోజున ఏస్తేరును వెంట తీసుకుపోయింది.

అబద్ధం చెప్పినందుకు డాక్టరమ్మ కోప్పడలేదు. "మీ మచ్చలో బీరాఫ్ అనే జన్యువు చెడిపోయింది. పుట్టుకతో చెడింది కాదు. తర్వాత ఎప్పుడో, ఆ మచ్చలోని కణాల్లోనే చెడింది. మీ రక్తంలో ఆ మార్పు లేదు. మీ నుంచి పాపకు పోలేదు" అంది.

"మరి దీని మచ్చ?"

డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. "మామూలు మచ్చలాగే ఉంది. చాలామంది పిల్లలకు ఉంటుంది. ఆరు నెలలకోసారి ఫోటో తీసి పోల్చి చూద్దాం."

"ఎప్పుడన్న మారుతదా మేడం?"

"చాలా అరుదు. కానీ మారదని మాట ఇవ్వలేను."

అప్పటి నుంచి రెబెకాను పట్టుకున్నది ఆ చివరి మాటే. తన కన్ను గురించి అడగడం కూడా మరిచిపోయింది. క్యాన్సర్ మళ్లీ వస్తే ఆ జన్యువు పనిని అణిచే మాత్రలున్నాయన్న సంగతి డేవిడే అడిగి తెలుసుకున్నాడు.

మొన్న పోయినప్పుడు డాక్టరమ్మ పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి పోల్చి చూసింది.

"ఏం మారలేదమ్మా. మీ కన్నూ బాగుంది. మళ్లీ ఆరు నెలలకు రండి."

"అమ్మా, లే! అచ్చంపేట బస్సు పోతది" అని ఏస్తేరు చేయి పట్టి లాగింది. రెబెకా లేవబోయి ఆగి, బిడ్డ ముఖాన్ని వెలుగు వైపు తిప్పి ఆ కంట్లోకి మరోసారి చూసింది.