కండ్లనీళ్లంత ఉప్పు

ముక్కు కడిగే విద్య మా ఇంట్లో అవ్వకే వచ్చు. మరిగించి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, ఒక చుక్క నాలుక మీద పెట్టుకుని చూసేది. "కండ్లనీళ్లంత ఉప్పగుండాలె. ఎక్కువైనా మండుతది, తక్కువైనా మండుతది" అనేది. వానకాలం వచ్చిందంటే నా నొసలు బండ పెట్టినట్టు బరువెక్కేది. అవ్వ నన్ను వాడిన నీళ్లు పారే జాలారు దగ్గర వంగబెట్టి, తల పక్కకు తిప్పి, కొమ్ముచెంబుతో ఒక ముక్కులో నీళ్లు పోసేది. నేను నోటితో ఊపిరి పీలుస్తుంటే రెండో ముక్కులోంచి చీమిడంతా కారిపోయేది. "ఇగ చీదు, జర మెల్లగ" అనేది.

అవి పోలీసు యాక్షన్ అయిపోయిందని, ఇక భయం లేదని పెద్దలు చెప్పుకుంటున్న రోజులు. భయం లేదట, నా మొహం. ఊళ్లు కాల్చినవాళ్లు పోయారు, ఊరి బయట మిలిటరీ క్యాంపు వచ్చి కూర్చుంది.

మాది గొర్లు కాసే ఇల్లు. వానలు పడ్డాక గొర్రెలకు ఉప్పు నాకించకపోతే మేత ఒంటబట్టదు. అందుకే బాపు ఏటా ఆ రోజుల్లో అంగడిలో దొడ్డుప్పు బస్తా కొని మంద దగ్గరికి మోసుకుపోయేవాడు. మంద గుట్టల్లో ఉండేది. గుట్టల్లో సర్కారు మీద తుపాకి పట్టిన దళాలూ ఉండేవి. ఆ ఏడు ఉప్పు బస్తాతో గుట్టదారి పట్టిన బాపును క్యాంపువాళ్లు పట్టుకున్నారు. దళాలకు మోస్తున్నాడన్నారు. "గొర్లకు సారూ" అంటే నవ్వారట. గొర్రె ఉప్పు తింటుందని కూడా తెలియనివాళ్ల చేతికి తుపాకులిచ్చి మా మీదికి పంపిన బుద్ధిమంతుడెవడో నాకు ఇప్పటికీ చూడాలని ఉంది.

అవ్వ రోజూ నన్ను వెంటబెట్టుకుని క్యాంపు ముందు కూర్చునేది. మూడోరోజు క్యాంపు పెద్ద, జమేదారు, బయటికొచ్చాడు. ముక్కు దిబ్బడేసి, కళ్ల కింద ఉబ్బి, నోరు తెరుచుకుని రొప్పుతున్నాడు. మంచిగయింది నీకు అనుకున్నాను. అవ్వ మాత్రం లేచి నిలబడి, తనకు వచ్చిన ఉర్దూలో, ముక్కు తను బాగుచేస్తానని, కొడుకును విడిచిపెట్టమని అడిగింది. చూద్దామన్నాడు.

మర్నాడు పొద్దున్నే కొమ్ముచెంబు నేనే మోసుకెళ్లాను. ఉప్పు అడిగితే జవాను తెచ్చింది మా బస్తాలోంచే. దాని మూతికి బాపు పేనిన ఉన్నితాడు అలాగే ఉంది. నా ఒళ్లు భగ్గుమంది.

"పిడికెడు ఎయ్యవ్వా. కారం గూడ కలుపు" అని చెవిలో అన్నాను.

"మీ బాపు లోపలున్నడు. నోర్మూసుకో" అంది.

చిటికెడే వేసింది. నాలుక మీద చూసుకుంది. జమేదారు వంగాడు, చీదాడు, లేచి గుండెనిండా గాలి పీల్చి నవ్వాడు. రేపు కూడా రమ్మన్నాడు. కొడుకు సంగతి అడిగితే, ముక్కు పూర్తిగా విడవనీ అన్నాడు. అలా తొమ్మిది పొద్దులు నడిపించాడు ముసలిదాన్ని. వాడి తల నీ చేతికింద వంగి ఉంటే అంత జాగ్రత్తగా ఎలా పోస్తావని ఇంటికొచ్చి అవ్వ మీద అరిచేదాన్ని. ఆమె బూడిదతో చెంబు తోముతూ ఉండేది.

పదోనాడు బాపును వదిలారు. నడుచుకుంటూనే వచ్చాడు. ముక్కు ఒక పక్కకు ఒరిగిపోయి, నల్లగా కమిలి, నోటితో ఊపిరి తీస్తున్నాడు. ఎప్పుడు కొట్టారని అవ్వ అడిగింది.

"రోజు పొద్దుగాల్నే. నీ మాట ఇనవడేది. నువ్వు పోయినంక జమేదారు పిలిచేటోడు."

నాకు తెలిసిన బూతులన్నీ తిట్టాను, అవ్వను కూడా కలిపి. అందుకు నాకు ఇవాళ్టికీ నా మీదే మంట.

గాయం మానాక బాపుకు నొసలు బరువెక్కింది. అవ్వ నీళ్లు కాచి చల్లార్చి, జాలారు దగ్గర కొడుకును వంగబెట్టింది. ఒక ముక్కులో పోసిన నీళ్లు రెండో ముక్కులోంచి రాలేదు. పోసిన దారినే వెనక్కి కారాయి. మళ్లీ పోసింది. మళ్లీ అంతే. అవ్వ చెంబు దించి, నీళ్లు నాలుక మీద పెట్టుకుని చూసింది.

"ఉప్పు సరిగ్గనే ఉన్నది గదరా" అంది.