సీట్ల పిన్ని విన్న కచేరీ

కచేరీ మధ్యలో మా పిన్నిని మోచెయ్యి పట్టుకుని బయటికి పంపేశారు. ఆ హాల్లో ఉన్న నూట ఎనభై కుర్చీలకూ స్పాంజి నింపి, రెక్సిన్ తొడిగి కుట్టింది ఆవిడే. తను కుట్టిన కుర్చీలోంచి తననే లేపేశారు. పనిచేసే వాళ్ళకు లోకం ఇచ్చే బహుమతి ఇలాగే ఉంటుందని నాకు ముందే తెలుసు. పిన్నికి తెలియదు. అందుకే ఆవిడ నాకంటే సంతోషంగా ఉంటుంది.

పిన్నీ బాబాయీ కార్లకు సీట్లు కుడతారు. రేకుల షెడ్డులో గోడ పొడుగునా రెక్సిన్ చుట్టలు, మూల స్పాంజి ముక్కల గుట్ట, నడుమ ఇద్దరికీ కలిపి ఒకే మిషను. ఓసారి మరమ్మతుకు వచ్చిన కారులో ఒక క్యాసెట్ దొరికింది. జాజ్ గిటారు వాయించే ఆయనా, మృదంగం వాయించే ఆయనా కలిసి చేసింది. పిన్ని వెనక సీట్లో చతికిలబడి, వంకర సూదితో కుడుతూ అది పెట్టుకుంది. గిటారు గోడలు దూకే పిల్లిలా ఎటో పోతుంది. మృదంగం ఏడు దెబ్బల లెక్క వదలదు. ఇక ఇది ఇంటికి రాదులే అనుకునేసరికి గిటారు సరిగ్గా మొదటి దెబ్బ మీదికి వచ్చి వాలుతుంది. వాలిన ప్రతిసారీ పిన్ని “ఓరి నీ!” అని సూది పట్టుకునే తొడ చరుచుకునేది.

మూడోరోజు కారాయన కేకలేస్తూ వచ్చాడు.

“ఇంకా కాలేదా అమ్మా?”

“సీటు మొన్ననే అయిందండీ. పాటే అవలేదు.”

ఆయన నవ్వాపుకోలేక క్యాసెట్ ఆవిడకే ఇచ్చేసి వెళ్ళాడు. అప్పటినుంచి షెడ్డులో అదే మోత. “మీ పిన్నికి ఏడో ఎక్కం తప్ప ఇంకేదీ రాదురా” అనేవాడు బాబాయి.

ఆ క్యాసెట్లో వాయించిన ఇద్దరే మా ఊరి హాలుకు వస్తున్నారని తెలిసి పిన్ని మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళింది. అలాంటి కచేరీకి రెండు రకాల జనం వస్తారు. శాస్త్రీయ సంగీతం వాళ్ళు తొడ మీద మెల్లగా తాళం వేసుకుంటారు, మధ్యలో చప్పట్లు కొడితే ఊరుకోరు. జాజ్ వాళ్ళు ఒక్కొక్కరి వంతు అయినప్పుడల్లా చప్పట్లు కొడతారు. పిన్ని రెండూ చేసింది, అదీ గట్టిగా. చిట్టచివరి పెద్ద పాటలో గిటారు వంతు ముగియగానే లేచి నిలబడి “శభాష్!” అంది. హాలు కార్యదర్శి వచ్చి, “ఇది సంత కాదమ్మా” అని మోచెయ్యి పట్టుకున్నాడు.

అవమానం నాకు గుచ్చుకుంది గానీ ఆవిడకు కాదు. ఆవిడ దిగులు వేరు. ఆ పెద్ద పాట ఏ క్యాసెట్లోనూ లేదు. గిటారూ మృదంగమూ చివర ఎలా కలుసుకున్నాయో ఆవిడకు తెలియలేదు. మూడేళ్ళపాటు కుడుతూ కుడుతూ సూది ఆపి, “ఎలా ముగించి ఉంటారంటావ్?” అని అడిగేది. నేనేం చెప్పను? నేను చదివిన పుస్తకాల్లో అది లేదు.

మూడేళ్ళ తర్వాత ఆ జంటే మళ్ళీ వచ్చింది. ఈసారి పిన్నికి తోడుగా నేను వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆ కార్యదర్శే.

“చప్పుడు చేయనంటేనే లోపలికి” అన్నాడు.

“చేయనండీ. చేతులు కట్టేసుకుంటాను.”

“ముందు నోరు కట్టేసుకోండి.”

నేను ఏదో అనబోతే పిన్ని నా కాలు తొక్కింది. “నీ పౌరుషానికి నా పాట పోతుంది. పద.”

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గంటన్నర కూర్చుంది. చెప్పుల్లో కాలివేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. ఆఖరున ఆ పెద్ద పాట ఎత్తుకున్నారు. గిటారు ఆయన ఆ రోజు ఎక్కడికి పోయాడో, ఎలా తిరిగొచ్చాడో! ఆయన వంతు ముగిసేసరికి ఎడమవైపు జాజ్ జనం చప్పట్లతో విరుచుకుపడ్డారు. కుడివైపు వాళ్ళు “ష్! ష్!” అంటూ అంతకంటే పెద్ద గోల చేశారు. అప్పుడే మొదలైన మృదంగం ఆ హోరులో మునిగిపోయింది. వేదిక మీద ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరిది ఒకరికి వినబడటం లేదు.

“లెక్క పోతోందిరా” అంది పిన్ని. ఏడుపు గొంతు. “ఆపేస్తారేమో!”

చేతులు తొడల కిందనుంచి బయటికి తీసింది. చప్పట్లు కొట్టింది. ఊరికే కాదు, ఏడు దెబ్బల లెక్కలో, మూడు, నాలుగు, మూడు, నాలుగు అంటూ. కుడివైపు తాళం వాళ్ళు ముందు అందుకున్నారు. ఎడమవైపు వాళ్ళ చప్పట్లు ఎలాగూ ఆగవు కాబట్టి అవీ వచ్చి ఆ లెక్కలో పడ్డాయి. హాలంతా ఒకే చప్పుడు. మృదంగం ఆయన తలెత్తి నవ్వి దాని మీద వాయించడం మొదలుపెట్టాడు. గిటారు కూడా దిగింది.

కార్యదర్శి పరుగున వచ్చి మా వరుస చివర నిలబడ్డాడు. ఎవరి మోచెయ్యి పట్టుకోవాలో తెలియక పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

మనుషులు ఒక్క మాట మీద నిలబడరని నా నమ్మకం. ఆ పది నిమిషాలు మాత్రం నిలబడ్డారు.

కిందటి వారం షెడ్డుకు వెళ్ళాను. పిన్ని ఏదో కారు తలుపుకు రెక్సిన్ అతికిస్తోంది.

“ఏం పిన్నీ, మూడేళ్ళ బెంగ తీరిందిగా? బాగుందా ముగింపు?”

జిగురు చేతులు పైకెత్తి నావైపు చూసింది.

“ఏం ముగింపురా! హాలంతా నా చేతులవైపే చూస్తుంటే, ఎక్కడ తప్పుతానో అని లెక్కపెట్టుకోవడమే సరిపోయింది. ఒక్క ముక్క వింటే ఒట్టు. మళ్ళీ వస్తారట. ఈసారి చప్పట్లు నువ్వు కొట్టు, నేను వింటాను. రా, ఇలా కూర్చో, ఏడు నేర్పిస్తాను.”